పేర్లు వచ్చాయి, బొమ్మలు రాలేదు

పెళ్ళయ్యాక మా ఇద్దరి చేతికీ వచ్చిన మొదటి పెద్ద పని, ఊరికి ఈ చివరనున్న భవనం నుంచి ఆ చివరనున్న భవనానికి సొరంగం వేయడం. పలుగూ పారా అక్కర్లేని సొరంగం. రెండు కీబోర్డులు చాలు.

మా ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, కంప్యూటర్ల దుకాణం ఉంది. కింద దుకాణం, పైన అత్తగారితో కలిసి మేమందరం ఉండే ఇల్లు. ఇన్నాళ్ళూ పాడైన ల్యాప్‌టాప్‌లూ, ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలూ బాగుచేస్తూ నెట్టుకొచ్చారు. నేను కోడలిగా వచ్చిన కొన్ని వారాలకే ఒక స్కానింగ్ సెంటర్ వాళ్ళు కబురు పెట్టారు. వాళ్ళు కొత్త భవనం కట్టుకున్నారు. స్కాన్ తీసే యంత్రాలు బరువైనవి కాబట్టి పాత భవనంలోనే ఉంటాయి. బొమ్మలు చూసి రిపోర్టు రాసే డాక్టరుగారు మాత్రం సోమవారం నుంచి కొత్త భవనంలో కూర్చుంటారు. పాత భవనంలో తీసిన బొమ్మ ఆయన ముందున్న తెర మీదికి రావాలి. ఆ దారి మేం వేయాలి.

దుకాణం చరిత్రలో అంత పెద్ద పని అంతకుముందు రాలేదు. అది నిలబడితే అన్నదమ్ములిద్దరికీ, నాకూ చేతినిండా పని. నిలబడకపోతే ఆ దుకాణానికి ఒక తమ్ముడు ఎక్కువే. ఈ మాట బావగారు అనలేదు. మా ఆయనే నాతో అన్నాడు, ఒకే గ్లాసులో టీ ఇద్దరం తాగుతున్నప్పుడు. ఆయనకు వేరే ఊళ్ళో ఒక పెద్ద కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. అక్కడ మొదటి ఏడాది వాళ్ళ హాస్టల్లోనే ఉండాలి, భార్యలకు చోటు లేదు. సోమవారంలోగా అవునో కాదో చెప్పమన్నారు.

"ఈ సొరంగం పనిచేస్తే కాదంటాను," అన్నాడు. "పనిచేయకపోతే చూద్దాం."

"పనిచేయకుండా ఎక్కడికి పోతుంది," అన్నాను. టీ చివరి గుక్క నాకే వదిలేశాడు, అందుకని ఆ క్షణంలో లోకంలో ఏదైనా పనిచేస్తుందనే అనిపించింది.

పని సంగతి కాస్త చెప్పాలి. ఒక్కో భవనంలో ఒక సర్వరు ఉంటుంది. దాని లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన నాలుగైదు ఉత్తుత్తి కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపే ఒక ఉత్తుత్తి స్విచ్చి. తెరిచి చూస్తే కనపడదు, చేత్తో పట్టుకోలేం, కానీ నిజం స్విచ్చి చేసే పనంతా చేస్తుంది. పాత భవనంలోని స్విచ్చినీ, కొత్త భవనంలోని స్విచ్చినీ ఇంటర్నెట్ మీదుగా ఒక టనెల్‌తో, అదే మా సొరంగంతో, కలిపితే అటువైపు యంత్రాలూ ఇటువైపు యంత్రాలూ ఒకే గదిలో ఉన్నామనుకుంటాయి. మధ్యలో ఊరంత దూరం ఉందని వాటికి తెలియనే తెలియదు. కొత్తగా పెళ్ళయినదానికి ఇంతకంటే ముద్దొచ్చే పని ఇంకేం ఉంటుంది?

ఆదివారం నేను పాత భవనంలో, ఆయన కొత్త భవనంలో. స్కానింగ్ సెంటరుకు సెలవు. సర్వరు గది చల్లగా, నిమ్మ వాసన వేసే ఫినాయిల్‌తో తుడిచి ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. నా స్విచ్చికి ఆయన సర్వరు చిరునామా చెప్పాను, ఆయన తన స్విచ్చికి నా చిరునామా చెప్పాడు. రెండు వైపులా ఒకే తాళం మాట పెట్టాం. ఒకసారి ఆయన అక్షరం తప్పు కొట్టాడు, ఇంకోసారి నేను. మూడోసారి, ఉన్నావా అని ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని అడిగే చిన్న పలకరింపు పంపిస్తే బదులు వచ్చింది.

ఆ సంతోషంలో ఇంకో ముచ్చట చేశాం. అటొక ఉత్తుత్తి కంప్యూటర్లోనూ ఇటొక ఉత్తుత్తి కంప్యూటర్లోనూ చిన్న కిటికీ తెరిచి, సొరంగంలోంచి మాటలు పంపుకోవడం మొదలుపెట్టాం. ఫోను పక్కనే ఉంది. అయినా ఫోన్లో మాట్లాడటం వేరు, మనం తవ్విన సొరంగంలో మాట్లాడటం వేరు. నేను ఒక మాట కొట్టగానే ఊరికి ఆ చివర వెలిగేది. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట ఆలస్యం కాలేదు.

సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. "బాగా టెస్ట్ చేశారా అమ్మాయ్?"

"గంటసేపు చేశాం బావగారూ."

అందులో అబద్ధం లేదు.

సోమవారం పొద్దున సెంటరు తెరిచే వేళకు మళ్ళీ ఎవరి చోట్లకు వాళ్ళం వెళ్ళాం. వరండాలో కుర్చీలన్నీ నిండాయి. స్కానింగ్ ఆవిడ, ఆ యంత్రాన్ని ఏళ్ళ తరబడి నడుపుతున్న మనిషి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని మొదటి పేషెంటును పిలిచింది. మెడకు పట్టీ వేసుకున్న ఒక పెద్దావిడ, పక్కన ఆమె కొడుకు. యంత్రం ఢమఢమ కొట్టుకుని ఊరుకుంది. ఆవిడ బొమ్మ పంపే బటన్ నొక్కింది.

మా ఆయన ఫోన్ చేశాడు. "పేరు వచ్చింది. బొమ్మ రాలేదు."

"వస్తుందిలే, పెద్దది కదా."

రెండో పేషెంటుదీ అంతే. మూడోదీ అంతే. డాక్టరుగారి తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి, ప్రతి పేరు పక్కనా నల్లటి ఖాళీ చతురస్రం. కొత్త భవనంలో డాక్టరుగారు వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తున్నారట. ఆ శబ్దం ఫోన్లో నాకూ వినిపించింది.

నేను ఒక పలకరింపు పంపాను. వెంటనే బదులొచ్చింది. ఆయన ఒకటి పంపాడు. బదులొచ్చింది. టనెల్ రెండు వైపులా ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ పలకరింపు, మళ్ళీ బదులు. మా దారి అద్దంలా ఉంది.

మేనేజరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, వాటిలో ఒక్కదానితోనూ రాయని మనిషి. "ఏమ్మా, ఏమైంది?"

"మా లైను బాగానే ఉందండీ. చూడండి, పలకరిస్తే పలుకుతోంది. మీ యంత్రంలోనే ఏదో ఉన్నట్టుంది."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. పూలు పడేసినట్టు పడేశాను. మేనేజరు దాన్ని పట్టుకుని నేరుగా స్కానింగ్ గదిలోకి వెళ్ళాడు.

"మొన్నటిదాకా బాగానే ఉందన్నావుగా?"

"బాగానే ఉంది సార్," అంది ఆవిడ.

"మరి బొమ్మలేవి? లైను బాగానే ఉందంటున్నారు వాళ్ళు. ఆపి మళ్ళీ వేయి. మొదటి పేషెంటుకి మళ్ళీ తీయి."

"ఆవిడ మెడ నొప్పితో ఉంది సార్. ఇప్పుడే దిగింది."

"డాక్టరుగారికి ఏం చూపించమంటావు, ఆవిడ పేరా?"

పెద్దావిణ్ణి మళ్ళీ పడుకోబెట్టారు. తలుపు మూసుకునే లోపల, కొడుకు ఆమె తల కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా దించడం చూశాను. ఆమె పెదవులు బిగించింది. యంత్రం మళ్ళీ ఢమఢమ మొదలుపెట్టింది, ఇందాకటి కంటే ఎక్కువసేపు కొట్టుకుంది. బటన్ నొక్కారు. కొత్త భవనంలో అదే పేరు రెండోసారి చేరింది, పక్కన ఇంకో నల్లటి చతురస్రం.

స్కానింగ్ ఆవిడ బయటికి వచ్చి నా వైపు చూసింది. తిట్టలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అది శుభ్రంగానే ఉన్నా.

సర్వరు గదిలోకి పారిపోయి ఆయనకు ఫోన్ చేశాను. బావగారి ముందు నేను ఆయన్ని 'మీరు' అంటాను, మేమిద్దరమే మెట్లెక్కుతున్నప్పుడు 'నువ్వు' అంటాను. ఇప్పుడు ఎవరూ లేరు.

"నువ్వేమైనా మార్చావా?"

"ఏమీ మార్చలేదు. నువ్వు?"

"నేనేం మార్చలేదు. నువ్వు నిన్న తాళం మాట తప్పు కొట్టావు కదా."

"అది తప్పయితే పలకరింపు కూడా రాదు. ఆ మాత్రం నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పు మరి, ఎందుకు రావడం లేదో."

"నువ్వు ఏడుస్తున్నావా?" అన్నాడు.

"లేదు, ఆలోచిస్తున్నాను," అని పెట్టేశాను. నిజానికి ఆలోచించడం లేదు. ముందు వరండాలోని కుర్చీలు ఖాళీ అవుతాయి, తర్వాత ఈ సెంటరు వాళ్ళు మమ్మల్ని పొమ్మంటారు, తర్వాత ఆయన పెట్టె సర్దుకుంటాడు. ఒకదాని వెనక ఒకటి అవే తిరుగుతున్నాయి తలలో.

అప్పటికే ఇద్దరు పేషెంట్లు లేచి వేరేచోటికి వెళ్ళిపోయారు. డాక్టరుగార్ని ఇక్కడికే రప్పిద్దామంటే ఆయన పాత గదిలో గోడలకు రంగు వేస్తున్నారు, బల్ల కూడా లేదు. మేనేజరు మా బావగారికి ఫోన్ చేశాడు. బావగారు దుకాణం షట్టరు దించి బండి మీద వచ్చారు. హెల్మెట్ తీయకుండానే సర్వరు గదిలోకి వచ్చి, నన్ను పక్కకు జరగమనకుండా నేల మీద నా పక్కనే కూర్చున్నారు. ఆ పెద్దరికానికి నాకు ఇంకా సిగ్గేసింది. వెనకే మేనేజరు. గుమ్మంలో స్కానింగ్ ఆవిడ.

బావగారు తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. "ఒరేయ్, నిన్న టెస్టుకి ఏం పంపారు?"

"అదీ... మెసేజ్‌లు పంపుకున్నాం అన్నయ్యా."

"ఏం మెసేజ్‌లు?"

అటువైపు దగ్గు వినిపించింది. బావగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఏం పంపారో తెలిస్తే ఏం వెళ్తోందో, ఏం వెళ్ళడం లేదో తెలుస్తుంది."

"తిన్నావా అని," అన్నాను.

"ఊఁ. తర్వాత?"

"లేదు, నువ్వొచ్చాక తింటానని."

"సరే. తర్వాత?"

"ఊఁ అని."

"ఎవరు?"

"ఇద్దరం."

మేనేజరు పెన్నులు సర్దుకున్నాడు. బావగారు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. "ఇంకేమైనా పంపారా? పెద్దది ఏదైనా? ఒక ఫోటో, ఒక పాట?"

"లేదు బావగారూ. గంటసేపూ అవే."

"మా బొమ్మలు అంత పొట్టి మాటలు కావమ్మా," అంది గుమ్మంలోంచి స్కానింగ్ ఆవిడ. వెటకారంగానే అంది. అనే హక్కు ఆవిడకుంది.

ఎగతాళి ఒక పక్క చెవులు కాలుస్తుంటే, పొట్టి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కాలేజీలో చదువుకున్నదే. టనెల్ అంటే ఒక కవరును ఇంకో కవర్లో పెట్టి పంపడం. లోపలి కవరు మీద మన యంత్రం పేరు, పైకవరు మీద అవతలి సర్వరు చిరునామా, దాని మీద తాళం. చిన్న ఉత్తరమైతే రెండు కవర్లున్నా పోస్టు డబ్బాలో పడిపోతుంది. పెద్ద బొమ్మ అలా కాదు. అది ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ముక్కా డబ్బా నోటికి సరిగ్గా సరిపోయేంత పెద్దది. దానికి ఇంకో కవరు తొడిగితే ఇక దూరదు. దారిలో ఏదో ఒక పెట్టె దాన్ని పక్కన పారేస్తుంది, పారేశానని ఎవరికీ చెప్పదు. పేరు చిన్నది, వెళ్ళింది. తిన్నావా చిన్నది, వెళ్ళింది. సొరంగం నిన్నటి నుంచీ ఇరుకుగానే ఉంది. మేమిద్దరం అందులోంచి చీమల్లాంటి మాటలు నడిపించి, లారీ పడుతుందని సంతకం పెట్టాం.

"నువ్వు," అన్నాను ఫోన్లోకి. బావగారి ముందని కూడా చూసుకోలేదు. "నీ వైపు బొమ్మలు తీసుకునే కంప్యూటరు ఉంది కదా, దానికి ముక్క సైజు తగ్గించు. నేను ఇంతకంటే పెద్ద ముక్క తీసుకోలేనని అది ముందే చెబితే, ఇటువైపు యంత్రం చిన్న ముక్కలే పంపుతుంది. యంత్రాన్ని మనం ముట్టుకోనక్కర్లేదు."

"అయ్యో," అన్నాడు ఆయన. "కవరు."

"కవరే."

"ఎంతకి తగ్గించను?"

"నేను కొలుస్తాను, ఆగు." పలకరింపును పెద్దది చేసి పంపాను, బదులు రాలేదు. దారిలోనే పోయింది. కొంచెం తగ్గించి పంపాను, అదీ పోయింది. ఇంకొంచెం తగ్గించాను. ఈసారి బదులొచ్చింది. ఆ అంకె ఆయనకు చెప్పాను. కీబోర్డు చప్పుడు వినిపించింది. స్కానింగ్ ఆవిడను బటన్ మళ్ళీ నొక్కమన్నాను, పెద్దావిడ రెండో బొమ్మకే. ఎవరినీ మళ్ళీ పడుకోబెట్టక్కర్లేదు.

ఫోన్లో డాక్టరుగారి వేళ్ళ తాళం ఆగింది. తర్వాత డాక్టరుగారి గొంతు, ఎక్కడో దూరం నుంచి, ఎవరితోనో: "ఆఁ, వచ్చింది. పైనుంచి కిందికి వస్తోంది."

నాకు సంతోషంతో లేవబుద్ధి అయింది, కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. బావగారు చెయ్యిచ్చి లేపారు.

మేనేజరు వరండాలోకి వెళ్ళి మిగిలినవాళ్ళకు నచ్చజెప్పుకున్నాడు. నేను స్కానింగ్ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "మీ యంత్రంలో తప్పుందన్నాను. తెలియకుండా అన్నాను. మేనేజరుగారికి కూడా చెప్తాను."

"చెప్పు," అంది ఆవిడ. "కానీ రెండోసారి పడుకున్నది నేను కాదు."

పెద్దావిడ కుర్చీలో మెడ నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది. మా పొరపాటు వల్లే మళ్ళీ తీయాల్సి వచ్చిందని చెప్పాను. ఆమె కొడుకు నా వైపు కోపంగా చూశాడు. ఆమె మాత్రం కళ్ళు తిప్పి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "రెండోసారి కాస్త కునుకు పట్టిందిలే అమ్మా," అంది. అది నా కోసం అన్న అబద్ధమో నిజమో నాకు తెలియదు. కొడుకు మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే సబబు.

మధ్యాహ్నం దాటాక ముగ్గురం దుకాణంలో కూర్చున్నాం. మా ఆయన కొత్త భవనం నుంచి వచ్చేసరికి నేనూ బావగారూ అప్పటికే షట్టరు సగం ఎత్తి ఉంచాం. మేనేజరు ఆఖరికి బావగారికి ఫోన్ చేసి కాంట్రాక్టు ఉంచుతున్నామన్నాడట. ఉంచడమే కాదు, మూడో భవనం ఒకటి అద్దెకు తీసుకుంటున్నారట, దాన్నీ కలపమన్నాడట. అయితే ఈసారి టెస్టుకి ఏం పంపుతారో ముందే తనకు చూపించాలన్నాడట. బావగారు ఈ మాట చెప్తూ తనలో తను నవ్వుకున్నారు.

"ఒరేయ్, నువ్వు మూడో భవనం చూసుకో. అమ్మాయి పాత భవనంలో ఉంటుంది. రెండు కాదు ఇప్పుడు, మూడు స్విచ్చులు కలపాలి. నేను దుకాణం చూసుకుంటాను."

మా ఆయన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒక వైరు ముక్కను వేలికి చుట్టుకుంటున్నాడు. వచ్చినప్పటి నుంచీ నా వైపు సరిగ్గా చూడలేదు. పొద్దున ఫోన్లో విసుక్కున్నందుకని అనుకున్నాను.

"అన్నయ్యా," అన్నాడు. "నేను వాళ్ళకి ఒప్పుకున్నాను."

"ఎవరికి?"

"ఆ కంపెనీకి. పొద్దున ఫోన్ చేశారు. ఇంకా చెప్పలేదేమని. అప్పుడు బొమ్మలు రావడం లేదు. వస్తానని చెప్పాను."

బావగారు బల్ల మీద ఉన్న స్క్రూడ్రైవరును తీసి, దాని చోట్లో పెట్టారు. "ఇప్పుడు వస్తున్నాయి కదరా."

"వస్తున్నాయి. ఇందాక మళ్ళీ వాళ్ళకి ఫోన్ చేసి, రానంటే ఏమవుతుందని అడిగాను. కాగితాలు పైకి వెళ్ళిపోయాయట. ఇప్పుడు రానంటే ఇంకెప్పుడూ పిలవరట. అయినా మాట ఇచ్చాక..." ఆపేశాడు.

నాకు ఆ ఉద్యోగం మీద కోపం రాలేదు. "నన్ను అడగలేదు," అన్నాను.

"నువ్వు అప్పుడే ఫోన్ పెట్టేశావు. ఏడుస్తున్నావనుకున్నాను."

"ఆలోచిస్తున్నానని చెప్పాను కదా."

"నీ గొంతు అలా లేదు."

"నా గొంతు ఎలా ఉంటే నీకేం," అన్నాను. బావగారి ముందు 'నీకేం' అన్నానని తర్వాత తట్టింది. ఆయన విననట్టు షట్టరు వైపు చూస్తున్నారు. పెళ్ళయ్యాక మా మొదటి పోట్లాట ఇది. ఎలా పోట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ఒక మాట అని ఆగిపోతున్నాం, ఎదుటివాళ్ళకు తగిలిందేమోనని చూసుకుంటున్నాం.

బావగారు తమ్ముడి వైపు చూశారు. "సరే, వెళ్ళు. కానీ అమ్మకి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు." తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా? హాస్టల్లో చోటు లేకపోతే లేకపోయింది, ఆ ఊళ్ళో చిన్న గది ఏదైనా చూద్దామంటే చూద్దాం. వాడితో వెళ్తానంటే మూడో భవనం నేను ఎలాగో చూసుకుంటాను. లేదా వదులుకుంటాను. నీ ఇష్టం."

పొద్దున్నుంచీ అప్పటిదాకా ఆ అన్నదమ్ములు గానీ, మేనేజరు గానీ, ఎవరూ నా ఇష్టం అడగలేదు. వెళ్తానని చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన బ్రష్షూ నా బ్రష్షూ ఒకే కప్పులో ఉండకపోతే బతకలేనని వారం రోజులుగా అనుకుంటున్నదాన్ని. కానీ కళ్ళ ముందు మూడు స్విచ్చులు వచ్చాయి. మూడింటినీ ఒకదానితో ఒకటి కలిపితే ఒక మాట ఆగకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడ తెంచాలో తెలియాలి. బావగారికి అది తెలియదు. కళ్ళజోడు తుడుచుకుంటున్న స్కానింగ్ ఆవిడ కూడా మనసులో కనపడింది.

"ఉంటాను," అన్నాను. "మూడో భవనం అయ్యేదాకా ఉంటాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన వైరు చుట్టడం ఆపాడు. ఇప్పుడు నా వైపు సూటిగా చూశాడు. తనను అడగలేదని ఆయన అనొచ్చు. అనలేదు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

"తెలియదు. ఈసారి తొందరపడను."

బావగారు లేచి షట్టరు పూర్తిగా ఎత్తారు. వీధి వెలుతురు లోపలికి వచ్చి నేల మీద తెగిన వైరు ముక్కలన్నీ కనిపించాయి. మా ఆయన వంగి వాటిని ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఎదురుగా కూర్చుని ఏరాను. ఏరుతూ ఏరుతూ ఒకే ముక్క మీద ఇద్దరి చేతులూ పడ్డాయి. ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాళ్ళం. నేను వదిలేశాను, ఆయనా వదిలేశాడు. ఆ ముక్క అక్కడే ఉంది.